నూరేళ్ల తప్పు

ఆదివారం ఆరున్నరకి ఏడు రోడ్ల కూడలి.
ఎనిమిది మందిమి, మనిషికి రెండొందలు.
మెడలో కార్డు మీద: ఈశ్వర్, గైడ్.
నా హాజరు పట్టీలో తవిటేశ్వర్రావు,
తొమ్మిదో తరగతి బి సెక్షను,
సాంఘికంలో వందకి పదకొండు.

టోపీ కిందికి లాక్కున్నాను.
భిలాయి నుంచి వచ్చిన దంపతులు, వాళ్ల పాప,
నలుగురు కెమెరా కుర్రాళ్లు.
ఈ పూటకి నేనూ పొరుగూరివాణ్నే,
పుట్టిన ఊరు చూడ్డానికి టిక్కెట్టు కొన్నవాణ్ని.

"సెప్పులిక్కడ ఇడిసీండి" అన్నాడు
జుమ్మా మసీదు ముందు.
కాళ్లు కడుక్కునే తొట్టి దగ్గర
ముసలి సాయిబు ఒకాయన వాడి భుజం తట్టి వెళ్లాడు.
"ఈ గోడలు లేచింది..." అని మొదలెట్టి
ఒక సంవత్సరం చెప్పాడు.
నూరేళ్లు తేడా.
ఎర్ర పెన్ను కోసం జేబులోకి పోయిన చేతికి
కంటిచుక్కల సీసా తగిలింది.

సున్నం వాసన, పావురాల రెట్ట.
నీడలో నిలబెట్టి మమ్మల్ని ఊరుకోమన్నాడు.
"ఇప్పుడినండి."
మొదట ఏమీ లేదు. తర్వాత
బజారు కేక ఒకటి, వెనకే సైకిలు బెల్లు,
కమాను కింద ఒక చుట్టు తిరిగి
మెత్తబడి మా చెవుల్లోకి దిగాయి.
"బయట గోల ఇక్కడికొచ్చి సల్లబడిపోతాది.
కట్టినోడు ముందే అనుకున్నాడు కావాల" అన్నాడు.

ముప్ఫై ఏళ్లు ఈ మసీదుని నేను
ఒక మార్కు ప్రశ్నగా అడిగాను.

గుడివీధి. కోటేశ్వరుడి ముంగిట
నాగలితో ఏటిని గీసిన బలరాముడి కథ తిన్నగానే చెప్పాడు.
బలరాముడికి తేదీలుండవు, వాడి అదృష్టం.
"ఈ రాయి మీద అరిసెయ్యి ఎట్టండి."
పాప పెట్టి, వెంటనే నవ్వింది.
"పొద్దుటెండ ముందు దీన్నే తాకుతాది.
సలికాలం, పూలబుట్ట దించీసి
ఈపు దీనికానించీవోణ్ని. పది దాకా బేరాలు."

తొమ్మిదిన్నరకి నా పీరియడు.
ఆ ఏడాది పొడుగునా వాడి పేరు పక్కన
ఎర్రటి ఏటవాలు గీతలు.
ఎందుకు రాలేదని అడిగే ఉంటాను.
అడిగినట్టు గుర్తు లేదు.

చర్చి కట్టించిన దొర పేరు
దగ్గులో కలిపేసి మింగేశాడు.
చూరు మాత్రం వేలెత్తి చూపించాడు:
క్రిస్మస్ ముందు రాత్రి కాగితపు చుక్కలు కట్టడానికి
ఎక్కిన చోటు, జారిన చోటు,
పాస్టరమ్మ పసుపు పెట్టిన మోకాలు.

నాగావళి గట్టున
ముళ్ల తుప్పలో ఒరిగిన రాతిముక్క.
సగం పద్మమో, సగం చక్రమో.
ఎవరు చెక్కారని పాప అడిగింది.
వాడు తడుముకోలేదు. "నాకు తెల్దమ్మా.
అదిగో, టోపీ పెట్టుకున్న మాస్టార్ని అడుగు."

ఎనిమిది జతల కళ్లు.
ఏరు తన దారిన ఇసక మేటల మధ్య పోతోంది.
"నాకూ తెలీదు తల్లీ" అన్నాను.
బల్ల అవతలి వైపున నిలబడి అనాల్సిన మాట,
ఉద్యోగంలో ఒక్కసారీ అనలేదు.

టీకొట్టు దగ్గర నా రెండొందలూ తీసుకున్నాడు,
ఎండకేసి పట్టి చూసి మరీ.
"మసీదు కాడ మీ మొకం మాడిపోయింది.
ఎన్నేళ్లు తప్పీనాను?"
"నూరేళ్లు."
"నూరేనా!" గ్లాసు ఊదుకుంటూ నవ్వాడు.
"రాయికి అదేపాటి మాస్టారూ."
అసలు సంవత్సరం మాత్రం
నా చేత రెండుసార్లు చెప్పించుకుని
అరచేతిలో రాసుకున్నాడు.

పై ఆదివారం మళ్లీ వెళ్లాను.
టోపీ లేకుండా.
రాసుకున్నది చెమటకి చెరిగిందేమో,
అదే తప్పు, అదే ధీమా.
నేను కమాను కిందికి ముందే చేరి
కళ్లు మూసుకున్నాను,
సైకిలు బెల్లు వస్తుందేమోనని.